ముప్పై మూడు మీటర్ల లోతులో నన్ను ఆపింది ఎవరు?

ముందే చెప్పేస్తున్నాను. నేను దెయ్యాలనూ, గాలీ ధూళీ లాంటివాటినీ నమ్మే బాపతు కాదు. చిత్తూరు జిల్లా ఐరాల చుట్టుపక్కల బావుల్లో మోటార్లు బాగుచేస్తూ పెరిగినవాణ్ణి. మనిషి పడి చనిపోయిన బావి అని ఊరంతా దూరం నుంచే తప్పుకుని పోయే చోట కూడా దిగి పని చేసి, పైకొచ్చి అదే గట్టు మీద కూర్చుని సద్ది తిన్నాను. ఎవరైనా దెయ్యాన్ని చూశామని చెప్తే, ఎంత దూరంలో చూశారు, వెలుతురు ఎటు నుంచి ఉంది, ఆ ముందు రాత్రి నిద్ర పోయారా అని వరసగా అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకల్లా వాళ్ళు మాట మార్చేవాళ్ళు. మా ఆవిడ దీన్ని తెలివి అనదు, పొగరు అంటుంది.

ఇప్పుడు నేనే అలాంటిదొకటి చెప్పబోతున్నాను. మీరు అడగబోయే ప్రశ్నలన్నీ నన్ను నేను ఎప్పుడో అడుక్కున్నాను. అయినా చెప్పాలనిపించింది, ఎందుకంటే ఇందులో నా స్నేహితుడి కాలు ఒకటి పడిపోయింది.

నా పేరు మునిరత్నం. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పంపుల మెకానిక్‌గా పదకొండేళ్ళు పనిచేశాను. అక్కడే నాకు ఖాదర్ పరిచయం. అతనిది చిత్తూరు టౌను. వాళ్ళ నాన్న, అన్న షామియానాలు, టార్పాలిన్లు కుడతారు. ఖాదర్ ఒక్కడే ఆ సూది వదిలి స్పానర్ పట్టుకున్నాడు. నోరు ఊరుకోదు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, పక్కకు తిరగ్గానే వాళ్ళ నడక అనుకరించి చూపించేవాడు. నేను విసుగ్గా ఉన్న రోజు అతను ఇంకా రెచ్చిపోయేవాడు.

ఇద్దరం కలిసే సెనెగల్ వెళ్ళాం. ఆఫ్రికాకు పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న దేశం. అక్కడొక ఎరువుల ఫ్యాక్టరీలో మూడేళ్ళ పని. ఫ్యాక్టరీకి సముద్రం నీళ్ళు తోడే పెద్ద గొట్టం ఉండేది. దాని మూతికి గుల్లలు పట్టుకుని పూడిపోతుంటే, లోపలికి దిగి చూసేందుకు మనుషులు కావలసి వచ్చింది. ఈత ఎవరికి వచ్చని అడిగితే మేమిద్దరం చెయ్యెత్తాం. కంపెనీ మమ్మల్ని డకార్‌లో సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగడం నేర్పే ఒక స్కూబా క్లబ్బుకు పంపింది.

మొదటి కోర్సు కంపెనీ పని కోసం చేశాం. రెండోది, అడ్వాన్స్‌డ్ కోర్సు, మా సరదా కోసం చేశాం. దాంతో ముప్పై మీటర్ల లోతు దాకా దిగే అర్హత వచ్చింది. దాటి పోకూడదు. మా శిక్షకుడు మార్సెల్ ఫ్రెంచి మనిషి, అరవై దాటినవాడు. మొదటి రోజు మా ఈత చూసి, మీరు సముద్రంలో నేర్చుకోలేదు కదా అన్నాడు. బావుల్లో నేర్చుకున్నామని చెప్తే అతనికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

ఇక్కడ మా బావుల గురించి రెండు మాటలు చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు బోధపడదు.

మా వైపు మగపిల్లలకు ఈత నేర్పేది మొలతాడు పట్టుకుని. నాయన నీళ్ళలో నా వెనక ఉండి, నడుము దగ్గర వెన్నెముక మీద, మొలతాడు కింద రెండు వేళ్ళు దూర్చి పట్టుకునేవాడు. పిల్లవాడు కాళ్ళూ చేతులూ ఎంత కొట్టుకున్నా ఆ రెండు వేళ్ళు కదలవు. కొన్నాళ్ళకు ఆ వేళ్ళు ఎప్పుడు తీసేశాడో మనకే తెలియదు. ఆ పట్టు ఒకసారి ఎరిగినవాడికి జన్మలో మరిచిపోవడం ఉండదు.

ఈత వచ్చాక ఇంకో ముచ్చట. బావి అడుగు ముట్టానని ఊరికే చెప్తే ఎవరూ నమ్మరు. గుప్పెడు అడుగు మట్టి తెచ్చి పైన చూపించాలి. ఊపిరి బిగబట్టి, తలకిందులుగా దిగి, మట్టి తీసుకుని, బుగ్గలు ఉబ్బించుకుని పైకి తన్నుకుని రావాలి. ఖాదర్ కూడా చిత్తూరు బయటి బావుల్లో ఇదే చేశాడు. సెనెగల్‌లో మా ఇద్దరికీ ఇదొక ఆటయింది. ఎక్కడ దిగినా గుప్పెడు అడుగు ఇసుక తెచ్చి పడవలో పోసేవాళ్ళం. నీళ్ళలో పిడికిలి బిగించి చూపిస్తే, అడుగుకు పోదామా అని అర్థం. ఈ సైగ ఏ కోర్సులోనూ లేదు. దాన్ని మొదలుపెట్టింది నేను.

ఆ రోజు ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవు. తీరం నుంచి గంటకు పైగా పడవ ప్రయాణం చేస్తే సముద్రం మధ్యలో ఒక రీఫ్ ఉంది. నీళ్ళ కింద మునిగి ఉన్న రాతి గుట్ట అనుకోండి. దాని నెత్తి పద్దెనిమిది మీటర్ల లోతులో ఉంటుంది. ఒక పక్క ఏటవాలు, ఇంకో పక్క గోడలా నిట్టనిలువుగా దిగిపోతుంది. ఆ గోడ అడుగున ఇసుక నలభై నాలుగు మీటర్ల దగ్గర తగులుతుందని మార్సెల్ చెప్పాడు. మీకు ఆ ఇసుకతో పని లేదు అని కూడా చెప్పాడు. మా ఆట సంగతి అతనికి తెలుసు.

పడవలో దుస్తులు వేసుకుంటున్నప్పుడు ఖాదర్ నా మొలతాడు చూసి ఎప్పటిలా మొదలెట్టాడు.

"ఏమప్పా రత్నం, ఇంత దూరం వచ్చినా ఈ దారం ఇడిసిపెట్టవా? సొరచేప పట్టుకుంటే ఇదే కదా నిన్ను కాపాడేది!"

నాకు ఆ రోజు చిరాగ్గా ఉంది. నోరు మూసుకుని జిప్ లాగు అన్నాను. అతనే నా వీపు వైపు జిప్ పైకి లాగాడు. దారం ఒంటికి బిగుతుగానే ఉందని నాకు బాగా గుర్తు. దాని మీద వెట్‌సూట్, అంటే మెడ నుంచి చీలమండ దాకా ఒంటికి అతుక్కుపోయే మందపాటి రబ్బరు తొడుగు. దాని మీద సీసం బిళ్ళల బెల్టు. దాని మీద గాలి నింపితే తేలేందుకు, వదిలేస్తే మునిగేందుకు పనికొచ్చే గాలి జాకెట్, సిలిండర్. బయటి నుంచి ఎవరైనా నా మొలతాడు పట్టుకోవడం అసాధ్యం. ఈ మాట గుర్తుంచుకోండి.

పగలు పదకొండు గంటలకు దిగాం. మార్సెల్ క్లబ్బులో ఒకావిడతో కలిసి ఏటవాలు వైపు పోయాడు. మేమిద్దరం జంటగా గోడ వైపు. ఒకరికొకరు కాపలా, అదే నియమం. పైన పడవలో ఉస్మాన్ అనే స్థానికుడు ఉన్నాడు.

ఇరవై రెండు మీటర్ల దగ్గర చల్లటి నీటి పొర తగిలింది. పళ్ళు జివ్వుమన్నాయి. ఆ పొర దాటాక నీళ్ళు ఉన్నట్టుండి తేటగా అయ్యాయి. ఇరవై ఎనిమిది దగ్గర గోడ పక్కన ఆగాం. నా సిలిండర్‌లో గాలి సగానికి పైనే ఉంది. అతను కూడా బాగున్నానని సైగ చేశాడు. కింద లేత పసుపు రంగులో ఇసుక కనిపిస్తోంది. ఎంతో దగ్గర్లో ఉన్నట్టు, చెయ్యి చాస్తే అందేట్టు ఉంది.

ఖాదర్ నా వైపు తిరిగి పిడికిలి చూపించాడు.

నేను తల అడ్డంగా ఊపాల్సింది. ఊపలేదు. నేనూ పిడికిలి చూపించాను. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆ లోతులో నైట్రోజన్ మత్తు ఎక్కుతుందంటారు, రెండు గ్లాసులు కల్లు తాగినట్టు ఉంటుందంటారు. ఉండొచ్చు. కానీ నాకు ఆ పిడికిలి బాగా గుర్తుంది. నేను ఒప్పుకున్నాను.

అతను తల కిందకు పెట్టి దిగాడు, అచ్చం బావిలో దిగినట్టే. నేను జాకెట్‌లో గాలి వదిలేసి వెనకే దిగాను. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు.

ముప్పై మూడు దాటగానే ఆగిపోయాను.

దేనికో తగులుకుని ఆగడం వేరు. అలాంటప్పుడు ఒక కుదుపు ఉంటుంది. ఇక్కడ కుదుపు లేదు. నడుము దగ్గర, వెన్నెముక మీద, రబ్బరు తొడుగు లోపల, మొలతాడు కింద రెండు వేళ్ళు దూరాయి. దూరి బిగుసుకున్నాయి. నేను కాళ్ళు ఆడించాను. ఒక్క అంగుళం ముందుకు పోలేదు. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. సిలిండర్ తగిలింది, సీసం బెల్టు తగిలింది, నీళ్ళు తగిలాయి. ఇంకేమీ తగలలేదు. గోడ నాకు కనీసం మూడు బారల దూరంలో ఉంది.

భయం వెంటనే రాలేదు. ముందు కోపం వచ్చింది. నాకు నలభై ఏళ్ళు, నన్ను పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకోవడమేమిటి అనిపించింది. ఆ తర్వాత ఇంకొకటి గమనించాను. నాయన పట్టులో వేళ్ళ వెచ్చదనం తెలిసేది. ఇందులో వెచ్చనా లేదు, చల్లనా లేదు, పట్టు మాత్రమే ఉంది. అప్పుడు నా ఒళ్ళంతా గడ్డకట్టింది.

కింద ఖాదర్ ఇసుక చేరాడు. గుప్పెడు తీసుకున్నట్టే ఉన్నాడు. తిరిగి పైకి లేవబోయి ఆగాడు. ఒక కాలు మాత్రం ఇసుకలోనే ఉండిపోయింది. వంగి కాలి దగ్గర ఏదో పీకుతున్నాడు. ఇసుక పొగలా లేచింది. అందులోంచి అతని టార్చి వెలుగు పైకొచ్చింది. ఎడమకు, కుడికి, ఎడమకు, కుడికి. కోర్సులో ఆ సైగకు ఒకటే అర్థం. ఆపదలో ఉన్నాను, రా.

నేను పోలేదు.

పోలేకపోయాను అనాలి. ఏది రాయాలో ఇప్పటికీ నాకు తెలియదు. కాళ్ళు కొట్టుకున్నాననే నాకు గుర్తు. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌లోకి అరిచాను, అది మాత్రం నిజం, తర్వాత రెండు రోజులు గొంతు బొంగురుపోయింది. నాకూ అతనికీ మధ్య పదకొండు మీటర్లు. మా బావి లోతంత కూడా లేదు. ఆ వెలుగు అలా ఊగుతూనే ఉంది. అతని బుడగలు గుంపులు గుంపులుగా నా పక్క నుంచే పైకి పోతున్నాయి. అంత ఎక్కువ బుడగలు వస్తున్నాయంటే అంత వేగంగా గాలి అయిపోతోందని అర్థం. అవి నా మాస్క్‌కు తగిలి పోతుంటే చూస్తూ ఉన్నాను.

తర్వాత బుడగలు ఆగిపోయాయి.

టార్చి ఇసుకలో పడిపోయింది. ఒక్క క్షణం ఏమీ కనపడలేదు. ఆ వెంటనే ఖాదర్ ఇసుక పొగలోంచి బాణంలా పైకి వచ్చాడు. ఒక కాలికి ఫిన్, అంటే రబ్బరు ఈత రెక్క, లేదు. నోట్లో రెగ్యులేటర్ లేదు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. మట్టి తీసుకుని బావి అడుగు నుంచి పైకి తన్నుకొచ్చే పిల్లవాడి మొహం అది.

స్కూబాలో మొదటి రోజు నేర్పే మొదటి మాట, పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు అని. అంత లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి నాలుగైదు రెట్లు ఉబ్బుతుంది. వదిలేస్తూ రావాలి, లేకపోతే ఊపిరితిత్తులు చిట్లి ఆ గాలి నెత్తుట్లోకి పోతుంది. ఖాదర్‌కు ఇది తెలుసు. పరీక్షలో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి అతనికి. కానీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒంటికి గుర్తొచ్చేది పదేళ్ళ వయసులో నేర్చిందే. అతను బావిలోంచి పైకొచ్చినట్టు వచ్చాడు.

నా పక్క నుంచే పోయాడు. చెయ్యి చాచాను, అందలేదు. అతను నా వైపు చూశాడు. కాదు, నా భుజం మీదుగా నా వెనక్కి చూశాడు. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

అతను దాటిపోగానే నడుము దగ్గర పట్టు వదిలింది. నేను రాయిలా కిందకు జారాను. తడబడి జాకెట్‌లోకి గాలి నింపుకుని నిలదొక్కుకున్నాను.

తర్వాత చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిదానంగా పైకొచ్చాను. ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోయేందుకు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలని నియమం. ఆగాను. పడవ అడుగు పైన కనిపిస్తోంది. అందులో నా స్నేహితుడు బతికి ఉన్నాడో లేదో తెలియదు. నేను మాత్రం చేతి గడియారం చూసుకుంటూ మూడు నిమిషాలూ లెక్కగా ఆగాను.

ఖాదర్ బతికే ఉన్నాడు. ఉస్మాన్ అతన్ని పడవలోకి లాగి ఆక్సిజన్ మాస్క్ పెట్టాడు. నోటి చివర గులాబీ రంగు నురగ. ఎడమ కాలు మాట వినడం లేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి కానీ ఎవరినీ చూస్తున్నట్టు లేవు. కుడి పిడికిలి మాత్రం బిగించే ఉంది. మార్సెల్ పైకి వచ్చి ఆ వేళ్ళు విప్పితే ఇసుక రాలింది.

ఒడ్డుకు వచ్చేదాకా నేను ఒకే మాట అంటూ ఉన్నానట, నన్నేదో పట్టుకుంది, నన్నేదో పట్టుకుంది అని. వచ్చీరాని ఫ్రెంచిలో అన్నాను, తెలుగులో కూడా అన్నానేమో. ఖాదర్ పక్కనే పడుకుని ఉన్నాడు. విన్నాడో లేదో చెప్పలేను. ఇది కూడా గుర్తుంచుకోండి.

అతన్ని గాలి ఒత్తిడి పెంచి నెత్తుట్లో బుడగలు కరిగించే ప్రెషర్ చాంబర్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను అక్కడి స్నానాల గదిలో వెట్‌సూట్ విప్పుకున్నాను. మొలతాడు జారి తుంటి మీదికి వచ్చి వేలాడుతోంది. ముడి ఊడలేదు, తెగలేదు, కానీ దారం నాలుగు వేళ్ళ పొడుగు సాగి ఉంది. అద్దంలో వీపు చూసుకున్నాను. వెన్నెముక మీద అడ్డంగా ఎర్రటి వాత. దాని కింద పక్కపక్కనే రెండు గుండ్రటి కమిలిన మచ్చలు. మార్సెల్ ఫోన్‌లో ఫొటో తీశాడు. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సీసం బెల్టు ఒత్తుకుని ఉంటుంది అన్నాడతను. బెల్టు ఇంకా కిందకు, తుంటి మీద ఉంటుంది. అయినా సరే, ఉండొచ్చు అన్నాను.

చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ మన లోతును క్షణక్షణం రాసుకుంటుంది. మర్నాడు మార్సెల్ నాది తీసి చూశాడు. ముప్పై మూడుంబావు మీటర్ల దగ్గర నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు గీత తిన్నగా ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. నీళ్ళలో ఏ మనిషీ అలా ఉండలేడు. ఊపిరి పీల్చి వదిలినా అరడుగు పైకీ కిందకీ ఊగుతాం. పైగా నేను గాలి తీసేసి బరువుగా ఉన్నాను. ఆ బరువు నిజమేనని గీత చివర్లో తెలుస్తోంది, పట్టు వదలగానే రెండు సెకన్లలో దాదాపు రెండు మీటర్లు జారాను. నువ్వు దేన్ని పట్టుకున్నావు అని మార్సెల్ అడిగాడు. నేనేమీ పట్టుకోలేదన్నాను. చాలాసేపు ఆ గీత చూసి, కంప్యూటర్ చెడిపోయి ఉంటుందన్నాడు. దాన్నే తర్వాత మూడు నెలలు వాడాం. బాగానే పనిచేసింది.

ఆ వారం అతను లోతుకు దిగే ఇంకొకరిని వెంటబెట్టుకుని అక్కడికి పోయి చూసొచ్చాడు. ఇసుకలో పాత చేపల వల ఒకటి పూడుకుపోయి ఉందట. దాంట్లో ఖాదర్ ఫిన్ చిక్కుకుని ఉంది. నా నడుము ఉన్న లోతులో మాత్రం వల లేదు, తాడు లేదు, నైలాన్ దారం కూడా లేదు. నువ్వూ దిగి ఉంటే రెండు శవాలు తెచ్చుకునేవాళ్ళం అని నా భుజం తట్టాడు. తర్వాత అందరూ ఇదే మాట అన్నారు. ఓదార్పు మాటే. కానీ మనిషి మునిగిపోతుంటే పైనుంచి చూసినవాడికి అది ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలుసు.

మూడో రోజు ఖాదర్‌కు మాట బాగా వచ్చింది. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక మొదట నీళ్ళు కావాలా అని అడిగాను. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"రత్నం, నీ ఎనకాల నిలబడిండె కదా, ఆయప్ప ఎవురు?"

ఎవరని అడిగాను.

"నేను మార్సెల్ వచ్చినాడేమో అనుకుంటి. సిలిండర్ లేదు, మాస్క్ లేదు. నీ నడుం కాడ చెయ్యి ఏసి పట్టుకోనుండాడు. ఆయప్పకు తొందరే లేదప్పా. ఆవు పలుపు పట్టుకోని గట్టు మీద నిలబడినట్టు నిలబడుండాడు."

మొహం ఎలా ఉందని అడిగాను. చూడలేదన్నాడు. కోపంగా ఉన్నాడా అని అడిగాను.

"నా పక్క సూడనే లేదు. నిన్నే సూస్తాండాడు."

నేను బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. మెట్ల మీద కూర్చునే ఊరికి ఫోన్ చేశాను. మా లెక్కలో ఆదివారం పగలు పదకొండున్నరంటే ఊళ్ళో సాయంత్రం ఐదు. ఆ సమయానికి నువ్వెక్కడున్నావని నాయనను అడిగాను.

"యాడుంటా? పాల సెంటర్ కాడ క్యాను పెట్టుకోని నిలబడుంటి. ఏమిరా, ఏమైంది?"

ఏమీ లేదన్నాను. పాలు పోసిన చీటీ మీద టైము కూడా ఉంటుంది కావాలంటే అన్నాడు నాయన. ఆయనది నా పోలికే, లేదా నాది ఆయన పోలిక.

నాలుగు నెలలకు ఇద్దరం తిరిగి వచ్చేశాం. సాగిన ఆ మొలతాడును నాయనకు చూపించాను, ఏం జరిగిందో చెప్పకుండా. ఆయన పలుపులు, మోకులు పేనిన మనిషి. దాన్ని రెండు చేతుల మధ్య పట్టి, పోగులు విడదీసి చూశాడు.

"ఇది నీళ్ళకు సాగింది కాదు. తడిస్తే నూలు బిగుసుకుంటాది. దీన్ని ఎవురో గట్టిగా లాగినారు. ఎవురితో కొట్లాడినావురా?"

నేను దారం తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఖాదర్ ఎడమ కాలు పూర్తిగా రాలేదు. కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తాడు. స్పానర్ పని ఇక కుదరదు. వాళ్ళ అన్న షాపులోనే టార్పాలిన్లు కుడుతున్నాడు, మిషను ఒక్క కాలితో తొక్కుతూ. అతను వద్దనుకుని పోయిన సూదే అది. నేను తిరుపతిలో పనికి కుదిరాక నెలకోసారి చిత్తూరు వెళ్ళి అతన్ని చూసి వస్తున్నాను. జోకులు వేస్తాడు. నా నడక అనుకరించి చూపించలేడు కాబట్టి గొంతు అనుకరిస్తాడు.

రెండు నెలల కిందట వెళ్ళినప్పుడు అతని భార్య షాహీన్ నన్ను వాకిట్లోనే ఆపింది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి. ఆ రోజు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, లోపలికి వినపడకుండా మాట్లాడింది.

"అన్నా, ఒక మాట అడగల్ల. నీళ్ళల్లో నీ ఎనక ఎవురినో సూసినా అని నీతో చెప్పినాడంట కదా. నేను అడిగితే ఆడ ఎవురూ లేరు అన్నాడు. రత్నం కుమిలిపోతాడని అట్ల చెప్పినా అన్నాడు."

నేను చెప్పులు విప్పబోయి ఆగాను.

"నిన్ను తప్పు పట్టల్లని కాదన్నా. నాకు తెలిస్తే సాలు. నిజంగా నిన్ను ఎవురన్నా పట్టుకున్నారా?"

"పట్టుకున్నారమ్మా" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆమె నా మొహం వైపు చూసింది, ఇంకేమీ అడగకుండా టీ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను తిన్నగా ఖాదర్ దగ్గరికి పోయాను. మిషను ముందు కూర్చుని ఉన్నాడు. షాహీన్ అడిగింది చెప్పి, చూశావా లేదా, ఒక్క మాట చెప్పు అన్నాను. నీళ్ళలో ఆ పట్టు కంటే ఇది ఎక్కువ భయంగా ఉండింది.

ఖాదర్ సూదికింద గుడ్డ సర్దుకున్నాడు. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకున్నాడు.

"ఆమెకు దిగులప్పా. ఆ నీళ్ళలోదేదో నా ఎంబడి ఇంట్లోకి వచ్చిందేమో అని పిల్లోళ్ళను కూడా ఒంటరిగా ఇడిసేది లేదు. అందుకని ఎవురూ లేరని చెప్పినా."

అంటే చూశావన్న మాటేగా అన్నాను.

అతను నవ్వలేదు. నాకు తెలిసి ఖాదర్ అంత నిదానంగా మాట్లాడింది అదొక్కసారే.

"ఇద్దరిలో ఒకరికి అబద్ధం చెప్పినా. ఆ మాట నిజం. సూసినా అంటే, ఆ చెయ్యి ఎవురిదో, మళ్ళా ఎప్పుడు పట్టుకుంటాదో అని నీకు జన్మంతా భయం. సూళ్ళేదంటే, నువ్వే ఆగిపోయినావని జన్మంతా బాధ. ఈ రెంటిలో నీకు ఏది కావల్లో నువ్వే చెప్పు రత్నం. అదే జరిగిందని ఒట్టేసి చెప్తా. ఇంక మాట మార్చను."

షాహీన్ టీ తెచ్చి పెట్టింది. ముగ్గురం తాగాం. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఫొటో ఉంది, దారం ఉంది, కంప్యూటర్ గీసిన గీత ఉంది. బెల్టు అని, పాత దారం అని, యంత్రం చెడిందని మూడింటికీ మూడు కారణాలు నేనే చెప్పగలను, ఇంకొకరి కథైతే అవే చెప్పి నోరు మూయించేవాణ్ణి. మూడూ కలిపి ఒకే రోజు ఒకే మనిషికి ఎందుకు జరిగాయంటే మాత్రం నా దగ్గర సమాధానం లేదు. ఆ పట్టు ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఖాదర్ అడిగినదానికి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలుసు. ఆ చెయ్యి ఉండాలి. అది ఎవరిదైనా సరే, దెయ్యానిదైనా సరే, అది అక్కడ ఉండి తీరాలి. పోయిన నెల వెళ్ళాను, ఈ నెలా వెళ్ళాను, రెండుసార్లూ చూశానని ఒట్టేసి చెప్పమని అడుగుదామనే వెళ్ళాను. ఎదురుగా కూర్చుని, అతను ఆ కాలిని చేతులతో ఎత్తి సర్దుకోవడం చూశాక, అడగడానికి నోరు రాలేదు.